తాతయ్యకి ఎనిమిదో ఎక్కం

సోమవారం

మాటల డాక్టరమ్మ నాకు కూడా హోంవర్క్ ఇచ్చింది. మీ నాన్నగారు రోజూ ఏమేం మాటలు అన్నారో రాయండి, కొత్త మాట వస్తే కింద గీత గీయండి, ఒక్క రోజు కూడా మానకండి అంది. సరేనని తలూపి వచ్చాను. మూడో క్లాసు చదివే కూతురి హోంవర్క్‌తోనే నా తల ప్రాణం తోకకొస్తోంది, ఇప్పుడు నాకూ ఒకటి తగలబడింది. ఎలాగూ రాయాలి కనుక నాకు తోచిందంతా రాస్తాను. డాక్టరమ్మకి కావలసింది నోటితో చెప్తే సరిపోతుంది.

ఈ రోజు మాటలు: అదే.

అంతే. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి నాన్న నోట మిగిలింది ఆ ఒక్క మాటే. మంచినీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే, కోపం వస్తే అదే అదే అదే. కాలు దారికొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మనం చెప్పేది అంతా తెలుస్తోంది. తిరిగి చెప్పడమే రావటం లేదు.

కూరగాయల మార్కెట్లో వేలం వేసిన మనిషి ఆయన. బుట్టల మధ్య నిలబడి గొంతెత్తితే ఆ చివర టీ కొట్టు దాకా వినపడేది. సెలవు రోజుల్లో నన్ను నిద్ర లేపడానికి కూడా మార్కెట్ గొంతే. గుమ్మంలో నిలబడి చెయ్యి పైకెత్తి, "ఒకటోసారి... రెండోసారి..." అనేవారు. మూడోసారి దాకా పడుకునే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. ఆ గొంతుతో నన్ను ఒక్కసారి తిడితే చాలు, ఇంకేం అక్కర్లేదు.


మంగళవారం

ఈ రోజు మాటలు: అదే.

డాక్టరమ్మ ఇచ్చిన బొమ్మల కార్డులు తీశాను. కప్పు, కుర్చీ, తాళం, గొడుగు. సాయంత్రం ఒక అరగంట, సందడి లేకుండా, టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చుని చేయించమంది. "ఇదేంటి నాన్నా? క... క... కప్పు" అన్నాను. కార్డు వైపు చూశారు, నా వైపు చూశారు. ఎడమ చేత్తో కార్డుని బోర్లా తిప్పి పెట్టారు. కుర్చీ కూడా బోర్లా. తాళం కూడా బోర్లా. గొడుగు దగ్గరికొచ్చేసరికి లేచి వెళ్ళిపోయారు.

మా ఇంట్లో ఉన్నది ఒకటే టేబులు. దాని మీదే భోజనాలు, దాని మీదే ఇస్త్రీ, దాని మీదే గిలక హోంవర్క్. గిలక అంటే మా అమ్మాయి. పుట్టినప్పటి నుంచి నోరు మూత పడదని, బావి గిలకలా మోగుతూనే ఉంటుందని వాళ్ళ నాన్న పెట్టిన పేరు అది. కార్డుల కోసం దాన్ని టేబుల్ మీద నుంచి లేపేశాను. స్కూలు నుంచి రాగానే తాతయ్య గదిలో కూర్చుని హోంవర్క్ చేసుకో, నేను షాపు నుంచి వచ్చేసరికి పుస్తకాలన్నీ సర్దేసి ఉండాలి అని చెప్పాను. ఆయనకి ఒక తోడు, నాకొక టేబులు.

మా ఆయన బేకరీలో తెల్లవారుజాము డ్యూటీ. మధ్యాహ్నం వచ్చి పడుకుంటే పక్కన బాంబు పేలినా లేవరు. ఆయన లేచేసరికి నేనూ వచ్చేస్తాను.


గురువారం

మాటలు: అదే.

షాపు నుంచి వచ్చేసరికి హోంవర్క్ అలాగే ఉంది. రెండు పాఠాలు కాపీ రాయడం, పాఠం చివర ప్రశ్నలు, ఎక్కాలు. ఏం చేశావే ఇంతసేపూ అంటే ఎక్కాలు చదివానంటుంది. ఒక్క ఎక్కానికి సాయంత్రం అంతా పడుతుందా? ఇదేం నత్తనడక? పోయిన ఏడాది గడగడా అప్పజెప్పేది. ఈ చదువులు పిల్లల్ని మొద్దు చేస్తున్నాయి, నాకు తెలుసు.

పైగా దీని అరుపులు వీధిలోకి వినపడుతున్నాయి. "తాతయ్య పక్కనే పడుకుంటాడు కదే, గట్టిగా చదవకు, నోట్లో చదువుకో" అని చెప్పాను. సరేనంది. అంత తొందరగా సరేనంటే అనుమానించాలి నిజానికి.

కాపీ రాత నేనే రాసేశాను. ఎడమ చేత్తో. మొదట్లో ఒళ్ళు మండింది గానీ, రెండో పేజీకి చెయ్యి అలవాటు పడింది. నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి గోడ మీద అక్షరాలు చదివించడం నా పని. ఎవరి కళ్ళకి ఏ అక్షరం ఎలా కనిపిస్తుందో తెలిసినదాన్ని. ఎనిమిదేళ్ళ పిల్ల రాత రాయలేనా?


శుక్రవారం

టీచరమ్మ స్టార్ వేసింది. "చేతిరాత మెరుగుపడింది, శభాష్" అని ఎర్ర సిరాతో రాసింది. మా ఆయన ఆ పేజీ పట్టుకుని, "పోనీలే, చిన్నప్పుడు రాని స్టార్ ఇప్పుడొచ్చింది" అని ఇల్లంతా తిరిగారు. ఏడవలేక నవ్వాను.

మాటలు: అదే. కార్డులు మళ్ళీ బోర్లా.


ఆదివారం

నిన్న స్కూలు గేటు దగ్గర అమ్మలందరిదీ ఒకటే గోల. ఒకావిడ కొడుకు రాస్తూ రాస్తూ పుస్తకం మీదే నిద్రపోతాడట. ఇంకొకావిడ కూతురికి వేళ్ళ నొప్పులట. చిన్న క్లాసు పిల్లలకి హోంవర్క్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని ఆవిడ తమ్ముడు ఎక్కడో చదివాడట. అందరూ అనడమే గానీ అడిగేవాళ్ళు లేరు. నేనే అడుగుతానన్నాను. అర్జీ నేనే రాశాను, ఈసారి కుడి చేత్తో. అందరూ సంతకాలు పెట్టారు.

నిజం చెప్పాలంటే నాకు కావలసింది సాయంత్రాలు. పుస్తకాల గొడవ వదిలితే ఇల్లు నిమ్మళంగా ఉంటుంది, నాన్న కార్డుల మీద మనసు పెడతారు.

ఒక మంచి సూచన కూడా కనిపించింది. నేను వచ్చేసరికి ఈ మధ్య ఆయన తల దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మంచం అంచున కుదురుగా కూర్చుని ఉంటున్నారు. నా కార్డుల కోసమే తయారై కూర్చుంటున్నారు కాబోలు. టేబుల్ దగ్గరికి వచ్చాక బిగుసుకుపోతున్నారు, అంతే. అలసట అయ్యుంటుంది.

మాటలు: అదే.


బుధవారం

ఇవాళ సందు తిరుగుతుంటే గది కిటికీలోంచి గిలక గొంతు వినపడింది. మెల్లగానే, కానీ పెద్ద అధికారంగా. "తప్పు! మళ్ళీ మొదటి నుంచి! ఊఁ, కిటికీలోకి కాదు, నా మొహంలోకి చూడు!" బొమ్మలకి పాఠం చెప్తోంది. దానికి ఆ జబ్బు ఎప్పటినుంచో ఉంది, ఎలుగుబంటికి గుంజీలు కూడా తీయిస్తుంది. హోంవర్క్ మానేసి బొమ్మలతో ఆటలా అని లోపలికి వెళ్ళి నాలుగు తిట్టాను. నాన్న నా వైపు కోపంగా చూసి, "అదే!" అన్నారు. మనవరాలిని అంటే పడదు ఆయనకి.

బొమ్మలు షెల్ఫ్ మీదే ఉన్నాయి. అప్పుడు పట్టించుకోలేదు.


శనివారం

మా అర్జీ మీద స్కూల్లో మీటింగ్. నేను మాట్లాడాను. నా గొంతు చివరి బెంచీ దాకా వినపడింది. వేలంపాట మనిషి కూతుర్ని. "రోజంతా స్కూల్లో రాసిన పిల్లలు ఇంటికొచ్చి కూడా రాస్తూ కూర్చుంటే ఇంక ఆడుకునేదెప్పుడండీ? ఇంట్లోవాళ్ళతో కబుర్లు చెప్పుకునేదెప్పుడు? ఇంట్లో పెద్దవాళ్ళుంటారు, జబ్బు మనుషులుంటారు. ఆ సాయంత్రం మాది. మాకు ఇచ్చేయండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. హెడ్‌మిస్ట్రెస్ అక్కడికక్కడే సరేనంది. సోమవారం నుంచి ఐదో క్లాసు వరకు హోంవర్క్ ఉండదు.

బయటికి వస్తుంటే గిలక క్లాసు టీచరమ్మ ఆపింది. కొప్పులో పెన్సిల్ దోపుకుని తిరిగే మనిషి. అది అక్కడుందని మరిచిపోయి వెతుక్కుంటూ ఉంటుంది.

"బాగా మాట్లాడారండీ. నాకూ దిద్దే చాకిరీ తప్పింది, మీ పుణ్యం" అంది. తర్వాత కొంచెం ఆగి, "మీ అమ్మాయికి ఇంట్లో ఎవరండీ చదువు చెప్తారు?" అని అడిగింది.

"ఎవరూ లేరండీ. అదే చదువుకుంటుంది. ఏం?"

"ఏం లేదు. ఈ మధ్య ఎక్కం చెప్తుంటే ఒక్కో అంకె దగ్గరా ఆగుతోంది. రాక కాదు. పక్కన ఎవరికో అందిస్తున్నట్టు ఆగుతోంది. క్లాసులో చదువు రాని పిల్లలున్నారు కదా, వాళ్ళ పక్కన కూర్చోబెడితే చక్కగా చెప్పిస్తోంది. అందుకని అడిగా."

నేను ఆ ముక్క సగమే విన్నాను. నా చెవుల్లో ఇంకా చప్పట్లే ఉన్నాయి.


సోమవారం

హాయిగా ఉంది ఇల్లు. గిలక వీధిలో ఆడుకుంటోంది. మాటలు: అదే.


మంగళవారం

నేను వచ్చేసరికి నాన్న తల దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మంచం అంచున కూర్చుని ఉన్నారు. గిలక స్కూలు సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. జిప్పు లాగి ఉంది. నన్ను చూసి, "అదే?" అన్నారు. మంచినీళ్ళిచ్చాను, కాదు. బాత్రూమ్‌కి తీసుకెళ్ళబోయాను, కాదు. దిండు మార్చాను, ఫ్యాను వేశాను, ఫ్యాను ఆపాను. ప్రతిదానికీ అదే, అదే అంటూ సంచీ మీద చేత్తో కొట్టారు. చివరికి ఆయనే విసిగిపోయి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

కార్డులు తీయనేలేదు. వాతావరణం మారింది కదా, నలతగా ఉండి ఉంటుంది.


గురువారం

మాటలు:


శుక్రవారం

ఇవాళ కూడా రాయడానికి ఏమీ లేదు. అదే కూడా లేదు. నోట్లో పెట్టిన ముద్ద మింగడం లేదు, నమలడం లేదు, బుగ్గనే పెట్టుకుంటున్నారు. తల దువ్వుకోవడం మానేశారు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, కొత్తగా ఇంట్లో ఏమైనా మారిందా అని అడిగింది. ఏమీ మారలేదండీ, ఇంకా ప్రశాంతంగానే ఉంది అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నాన్న వెళ్ళిపోతున్నారు. కళ్ళ ముందే ఉన్నారు, వెళ్ళిపోతున్నారు.


శనివారం

గిలకని పక్కన కూర్చోబెట్టుకుని జడ వేస్తూ అడిగాను. జడ వేసేటప్పుడు దాని తల నా చేతిలో ఉంటుంది, పారిపోలేదు.

"తాతయ్యకి ఏమైందే? నీ సంచీ ఎందుకు తీస్తున్నాడు?"

"హోంవర్క్ ఉందేమోనని చూస్తాడు."

"తాతయ్యకెందుకే నీ హోంవర్క్?"

"నాకు తాతయ్యే కదా అప్పజెప్పించుకునేది. నేను ఏడు రెళ్ళు అంటాను, తాతయ్య పద్నాలుగు అంటాడు. తప్పు చెప్తే మళ్ళీ మొదటి నుంచి. ఏడో ఎక్కం అయిపోయింది. ఎనిమిదిలోకి వచ్చాం. అంతలో నువ్వు సెలవులు ఇప్పించేశావుగా."

దువ్వెన కింద పడిపోయింది. నాన్న పద్నాలుగు అంటారా? మా నాన్నా?

"అబద్ధాలాడకు."

"ఒట్టమ్మా! మొదట్లో నేను చెప్తుంటే ఊరికే వేళ్ళు లెక్కపెట్టేవాడు. ఒకరోజు నాకు ఐదు ఆర్లు రాలేదు. ఏడుపొచ్చింది. అప్పుడు ముప్పై అన్నాడు. గట్టిగా. తనే ఉలిక్కిపడ్డాడు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"గట్టిగా చదవద్దన్నావుగా. అందుకని గుసగుసగా చెప్పుకునేవాళ్ళం. ఇంకా తాతయ్య కూడా చెప్పొద్దన్నాడు."

"ఎలా అన్నాడే, మాటే రాదుగా!"

"నోటి మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత నీ కార్డుల వైపు చూపించి మొహం ఇలా పెట్టాడు." అని ముక్కు చిట్లించి చూపించింది. అచ్చం ఆయనే.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ తర్వాత ఉక్రోషం కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు. సెలవు పెట్టి, ఆస్పత్రుల చుట్టూ తిరిగి, కార్డులు పట్టుకుని నేను కూర్చుంటే నాకు అదే. దానికి మాత్రం పద్నాలుగు, ఇరవై ఒకటి, ముప్పై.

"హోంవర్క్ లేకపోతేనేం, రోజూ అలాగే చెప్పించవే" అన్నాను.

"చెప్పించా. చెప్పడు. ఉత్తుత్తి హోంవర్క్ అని తెలిసిపోతుంది తాతయ్యకి. సంచీలో పుస్తకం తీసి చూస్తాడు. టీచర్ రాసింది ఉంటేనే చెప్తాడు."

సాయంత్రమంతా దాని గురించే ఆలోచించాను. కప్పు చూపించి ఇదేంటి అని అడిగితే ఆయన జబ్బు మనిషి. ఎక్కం రాక మనవరాలు ఏడిస్తే ఆయన తాతయ్య. అది కప్పో కాదో నాకు తెలిసే అడుగుతున్నానని ఆయనకి తెలుసు. దానికి మాత్రం ముప్పై నిజంగా కావాలి, లేకపోతే రేపు స్కూల్లో నిలబడాలి. అందుకే ఆ ముప్పైని ఎక్కడి నుంచో లాక్కొచ్చారు. మందు నేనే తీసేసి, జబ్బు ఎందుకు తిరగబెట్టిందా అని చూస్తున్నాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.


సోమవారం

షాపులో ఒక పూట సెలవడిగి స్కూలుకి వెళ్ళాను. టీచరమ్మ పిల్లలు వెళ్ళిపోయాక బల్లలు సర్దుతోంది. హోంవర్క్ కావాలండీ అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మీకేమైనా మతిపోయిందా? మొన్న మీటింగులోనే కదండీ ఒంటికాలి మీద లేచారు!"

చెప్పాను. అంతా చెప్పాను, ఎడమ చేతి రాతతో సహా. స్టార్ సంగతి వినగానే నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నాన్న సంగతి విని నవ్వడం ఆపేసింది. చిన్నపిల్లల కుర్చీలో కూలబడింది. నేను కూడా ఇంకో చిన్న కుర్చీలో కూర్చున్నాను, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"ఆ రాతలన్నీ నాకు ఇష్టమై ఇచ్చానా అండీ? ఇవ్వకపోతే అప్పుడూ వచ్చింది అమ్మలే. మా పక్క స్కూల్లో ఇన్ని పేజీలిస్తారు, మీరేం చెప్పట్లేదా అని. అవి మళ్ళీ ఇవ్వమంటే ఇవ్వను. పిల్లలకి దాని వల్ల చేతి నొప్పి తప్ప ఏం రాదు" అంది. "కానీ అప్పజెప్పడం వేరు. ఇంట్లో ఒకళ్ళు కూర్చుని వింటున్నారంటే ఆ పిల్ల మొహమే వేరేగా ఉంటుంది. అది నేను ఆపకుండా ఉండాల్సింది."

"ఇప్పుడు ఎలాగండీ మరి? రూలు పెట్టేశారుగా."

కొప్పులో పెన్సిల్ కోసం తడుముకుని, దొరకక, ఎర్ర పెన్ను తీసింది. "రూలు పిల్లలకి కదా. పెద్దవాళ్ళకి ఇవ్వకూడదని ఎవరన్నారు? అర్జీలో రాశారా మీరు?"

రాయలేదన్నాను. నేను పట్టుకెళ్ళిన గిలక పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పెద్ద అక్షరాలతో ఇలా రాసింది. తాతయ్యకి: ఎనిమిదో ఎక్కం. మనవరాలికి అప్పజెప్పవలెను. కింద సంతకం, తేదీ.

గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచింది. "మీరు మాత్రం కొన్నాళ్ళు ఆ గదిలోకి వెళ్ళకండి. పిల్లలు కూడా అమ్మ పక్కనుంటే తప్పులు చెప్తారు."


సోమవారమే, సాయంత్రం

నాన్న పుస్తకం తీసి చూశారు. జోడు సర్దుకుని మళ్ళీ చూశారు. గిలక చెప్పింది, చాలాసేపు ఆ సంతకం మీద వేలు పెట్టి చూశారట. తర్వాత తల మీద చెయ్యి ఆడించి దువ్వెన అడిగారట.

నేను గది బయట నేల మీద కూర్చున్నాను, మా ఆయన నా పక్కన. తలుపు చాటున ఇద్దరం దొంగల్లా.

"ఎనిమిది ఒకట్ల?"

ఎంతసేపో. ఆ తర్వాత బొంగురుగా, "ఎనిమిది."

"ఎనిమిది రెళ్ళు?"

"ప... పదా... పదహారు."

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. చేతినిండా పిండి వాసన. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

మాటలు: ఎనిమిది. పదహారు. ఇరవై నాలుగు. గీతలు గీశాను. గీసిన చోటే మళ్ళీ గీశాను.


బుధవారం

మాటలు: ముప్పై రెండు. నలభై. నలభై ఎనిమిది. "తప్పు" (గిలకకి చెప్పారు, నిజంగానే తప్పు చెప్పింది).


శుక్రవారం

టీచరమ్మ ఇవాళ క్లాసందరికీ ఒకే ఒక్క హోంవర్క్ ఇచ్చిందట, హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగి మరీ. రాత లేదు. ఇంట్లో ఎవరో ఒకరికి ఎక్కమో పద్యమో అప్పజెప్పి రావాలి, విన్నవాళ్ళ పేరు చెప్పాలి. అంతే. గేటు దగ్గర, అప్పుడు తమ్ముడు ఎక్కడో చదివాడని చెప్పిన ఆవిడ నన్ను పట్టుకుని, "చూశారా, మళ్ళీ మొదలెట్టారు! అర్జీ రాద్దామా?" అంది. వద్దులెండి, చెయ్యి నొప్పిగా ఉంది అన్నాను.

నాన్న పూర్తిగా భోంచేశారు. నేను గదిలోకి వెళ్ళనేలేదు. నాకు మాత్రం ఇంకా అదే.


ఆదివారం

కార్డులన్నీ అట్టపెట్టెలో పెట్టేసి, ఇది రాయడానికి టేబుల్ దగ్గర కూర్చున్నాను. నాలుగు ముక్కలు రాశానో లేదో కర్ర చప్పుడైంది. నాన్న. వెనకాల గిలక. తనంతట తాను ఆ గది దాటి టేబుల్ దగ్గరికి రావడం ఇదే మొదలు.

నా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. కళ్ళజోడు పెట్టుకుని నా పుస్తకం వైపు చూశారు, నా చేతిలో పెన్ను వైపు చూశారు. పెదవులు కదిలాయి. అదే అంటారనుకున్నాను. నీళ్ళ గ్లాసు అందుకోబోయాను.

"అ... అయిందా?"

నన్నే. నన్నే అడిగారు. గిలకని కాదు.

"ఏంటి నాన్నా?"

పుస్తకం మీద వేలితో కొట్టారు. "అయిందా?"

"హోంవర్క్ అయిందా అంటున్నాడమ్మా" అంది గిలక, ఎంత తెలివితక్కువదానివి అన్నట్టు.

"ఇంకా లేదు నాన్నా. ఒక్క ముక్క ఉంది" అన్నాను. అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. కళ్ళు తుడుచుకుంటుంటే పెన్ను జారిపోయింది, వెతుక్కున్నాను.

ఆయన ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తారు.

"ఒకటోసారి" అన్నారు.

గిలక పకపకా నవ్వుతోంది. మా ఆయన నిద్రలోంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను తల వంచుకుని రాసేస్తున్నాను. రాస్తున్నా నాన్నా, ఇదిగో, రాస్తున్నా.

ఈ రోజు మాటలు: అయిందా. ఒకటోసారి.

రెండోసారి.